ఊరు విడిచినవాడికే ఊరిపేరు: ఇంగ్లండులో అటెన్‌బరోలు

(గ్రంథాలయ సాయంకాల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిపెట్టినది.)

సభకు నమస్కారం. అటెన్‌బరో అనే పేరు ఎన్నడూ విననివారు ఈ గదిలో ఎవరైనా ఉన్నారా? ఒక్క చెయ్యి కూడా లేవలేదు. గాంధీజీ జీవితాన్ని తెరకెక్కించిన రిచర్డ్ అటెన్‌బరోను పెద్దవాళ్లందరూ ఎరుగుదురు. అడవుల గురించి, సముద్రాల గురించి టీవీలో దశాబ్దాలుగా చెబుతున్న డేవిడ్ అటెన్‌బరోనైతే పిల్లలు గొంతు విని పోల్చుకుంటారు. ఈ అన్నదమ్ములిద్దరి మూలంగా ఆ పేరు మన చెవికి ఎంతగా అలవాటైపోయిందంటే, ఇంగ్లండులో వీధికొక అటెన్‌బరో ఉంటాడేమో అనిపిస్తుంది. కాని అది అరుదైన పేరు. స్మిత్ అనే ఇంటిపేరుగలవారు బ్రిటన్‌లో ఐదు లక్షలకు పైగా ఉన్నారు. వారి పక్కన నిలబెడితే అటెన్‌బరోలు గుప్పెడుమంది.

నేను ఈ సాయంత్రం ఆ అన్నదమ్ముల ప్రతిభ గురించి మాట్లాడబోవడం లేదు. వారి పేరు గురించి, కేవలం పేరు గురించి మాట్లాడతాను. ఆ పేరు ఎక్కడ పుట్టింది, ఎంతమేర వ్యాపించింది, ఎందుకు అంతకు మించి వ్యాపించలేదు, దాన్ని ధరించినవారంతా ఒకే మనిషి సంతానమేనా అన్నవే నా ప్రశ్నలు. వీటికి జవాబు చెప్పగల సాక్షులు ముగ్గురున్నారు. మాట ఒక సాక్షి, పటం ఒక సాక్షి, రక్తం ఒక సాక్షి. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరినీ ఒంటరిగా నమ్మకూడదన్నది నా అభిప్రాయం. ఒక్కొక్కరినీ విడిగా అడిగితే ఒక్కొక్కరూ మనల్ని పక్కదారి పట్టించగలరు. ముగ్గురూ ఒక్కచోటికే వేలు చూపితే అప్పుడు నమ్మవచ్చు.

ముందు ఊరి సంగతి చెబుతాను. ఇంగ్లండు నడిబొడ్డున నాటింగ్‌హామ్‌షైర్ అనే కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. నాటింగ్‌హామ్ నగరానికి నైరుతిగా ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో ట్రెంట్ నది ఒడ్డున అటెన్‌బరో అనే చిన్న ఊరుంది. సెయింట్ మేరీ పేరిట పాత రాతి చర్చి, చర్చి వెనక నది, నదికీ ఊరికీ నడుమ పెద్ద పెద్ద నీటి మడుగులు. ఆ మడుగుల సంగతి చివర చెబుతాను, గుర్తుంచుకోండి.

ఈ ఊరికి ఆ పేరెలా వచ్చింది? పేరు చివరనున్న 'బరో' అన్నది పాత ఇంగ్లీషులోని 'బుర్హ్' అనే మాట. దానికి కోట అని, గోడ కట్టుకున్న చోటు అని అర్థం. మొదటి భాగంలో ఉన్నది అడ్డ అనో, దానికి దగ్గరగానో పలికే ఒక మనిషి పేరు. అంటే అడ్డ అనే ఒకాయన కోట. ఆ అడ్డ ఎవరో, ఎప్పటివాడో మనకు కావలసిన పని లేదు. మనకు కావలసినది ఒక్కటే: మధ్యయుగపు తొలి పత్రాలలో ఈ ఊరి పేరు ద్విత్వ టకారంతో కాక డకారంతో కనబడుతుంది. ఈ చిన్న అక్షరం మీద తరువాత చాలా ఆధారపడుతుంది కనుక దీన్ని నొక్కి చెబుతున్నాను.

ఎందుకు ఆధారపడుతుందంటారా? ఇంగ్లీషు ఇంటిపేర్లలో ఒక తమాషా ఉంది. మధ్యయుగపు ఇంగ్లీషులో 'అట్టె', 'అట్టెన్' అంటే 'ఫలానా దాని దగ్గర' అని అర్థం. చెట్ల గుంపు దగ్గర ఉండేవాడు అట్‌వుడ్ అయ్యాడు, బావి దగ్గర ఉండేవాడు అట్‌వెల్ అయ్యాడు. ఇంకా చిత్రం చూడండి. ఆష్ చెట్టు దగ్గర ఉండేవాణ్ణి 'అట్టెన్ ఆష్' అనేవారు. కాలక్రమేణా ముందున్న 'అట్టె' రాలిపోయి, మిగిలిన నకారం చెట్టు పేరుకు అతుక్కొని 'నాష్' అయింది. ఓక్ చెట్ల దగ్గర ఉండేవాడు అదే దారిలో 'నోక్స్' అయ్యాడు. ఇప్పుడు అటెన్‌బరో అన్న పేరును వినండి. 'అట్టెన్ బరో', అంటే కోట దగ్గర ఉండేవాడు! ఎంత చక్కగా అతుకుతోంది! ఇదే నిజమైతే ఈ పేరుకు నాటింగ్‌హామ్‌షైర్‌లోని ఊరితో సంబంధమే ఉండనవసరం లేదు. ఇంగ్లండులో కోటలకు, దిబ్బలకు కొదవ లేదు గనుక ఎక్కడికక్కడ, ఒకరితో ఒకరికి చుట్టరికం లేని పదిమంది అటెన్‌బరోలు పుట్టి ఉండవచ్చు.

చూశారా, మాట అనే సాక్షిని ఒంటరిగా అడిగితే రెండు జవాబులు చెప్పింది. ఒకటి ఒక ఊరిని చూపిస్తుంది, రెండోది దేశమంతా చూపిస్తుంది. ఏది నిజం?

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, ఇంగ్లండులో ఇంటిపేర్లు ఎలా వచ్చాయో చెప్పుకోవాలి. 1066లో ఉత్తర ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును జయించేనాటికి అక్కడ తండ్రి నుంచి కొడుక్కి దిగే ఇంటిపేరు అనేదే దాదాపుగా లేదు. మొదట నార్మన్ ప్రభువులు తమ భూముల పేర్లను వంశనామాలుగా పెట్టుకున్నారు. భూమి వారసత్వంగా దిగుతున్నప్పుడు పేరు కూడా దిగడం వారికి అవసరమైంది. ఆ అలవాటు పై నుంచి కిందికి, దక్షిణం నుంచి ఉత్తరానికి నెమ్మదిగా పాకింది. సుమారు 1400 నాటికి ఇంగ్లండులో చాలా కుటుంబాలకు స్థిరమైన ఇంటిపేరు ఏర్పడింది. కమ్మరి స్మిత్ అయ్యాడు. జాన్ కొడుకు జాన్సన్ అయ్యాడు. బలమైన చేతులవాడు ఆర్మ్‌స్ట్రాంగ్ అయ్యాడు. ఇక ఫలానా ఊరినుంచి వచ్చినవాడు ఆ ఊరిపేరే మోశాడు.

ఈ చివరి రకం మనకు చాలా దగ్గరిది. కందుకూరి, నిడదవోలు, కొండపల్లి, తాడేపల్లి, ఇవన్నీ ఊళ్లే కదా. అయితే ఒక్క ప్రశ్న వేసుకోండి. కందుకూరులోనే ఉంటున్నవాణ్ణి కందుకూరివారని ఎవరు పిలుస్తారు? అక్కడ అందరూ కందుకూరివారే. ఊరు విడిచి ఇంకొక ఊరు చేరినప్పుడే, 'ఎవరింటికి?' అంటే 'కందుకూరివారింటికి' అన్న మాట పుడుతుంది. ఊరు విడిచినవాడికే ఊరిపేరు. ఇంగ్లండులోనూ అంతే, అచ్చం అంతే. కనుక ఊరిపేరున్న ఒక వంశాన్ని వెతకాలంటే ఆ ఊరిలో కాదు, ఆ ఊరికి పది ఇరవై కిలోమీటర్ల ఫాసలాలో వెతకాలి.

దీనికి అటెన్‌బరో ఊరే ఒక మంచి నిదర్శనం. ఆ ఊరి చర్చిలో 1611లో ఒక పిల్లవాడికి బాప్తిస్మం ఇచ్చారు. అతని పేరు హెన్రీ ఐర్టన్. పెద్దయ్యాక, రాజు మీద తిరగబడిన పార్లమెంటు సేనల నాయకుడు ఆలివర్ క్రామ్‌వెల్‌కు అల్లుడై, మొదటి చార్లెస్ రాజు మరణశాసనం మీద సంతకం చేసిన వారిలో ఒకడైనాడు. ఐర్టన్ అన్నది కూడా ఊరిపేరే; పక్కనున్న డెర్బీషైర్‌లో కర్క్ ఐర్టన్ అనే ఊరుంది. అంటే అటెన్‌బరోలో కాపురం ఉన్నవారు ఐర్టన్‌లు. మరి అటెన్‌బరోలు మరెక్కడో ఉన్నారు!

ఎక్కడున్నారు? ఇక్కడే రెండో సాక్షిని, పటాన్ని పిలవాలి.

ఇంటిపేర్లను పటం మీద పెట్టి చూడాలన్న ఆలోచన కొత్తది కాదు. 1890లో హెన్రీ గప్పీ అనే ఆయన కౌంటీల డైరెక్టరీలు ముందేసుకొని ఇంగ్లండు రైతుల ఇంటిపేర్లను కౌంటీలవారీగా లెక్కగట్టాడు. రైతులనే ఎందుకు ఎంచుకున్నాడు? భూమిని నమ్ముకున్నవాడు కదలడు గనుక. ఎంత తెలివైన ఎంపికో చూడండి! తరువాతివారికి అంతకంటె పెద్ద ఆధారం దొరికింది. 1881 జనాభా లెక్కల్లో ఇంగ్లండు, వేల్స్ రెండింటిలో కలిపి సుమారు 2 కోట్ల 60 లక్షల మంది పేర్లు, వారు పుట్టిన చోట్లతో సహా ఉన్నాయి. ఆ జాబితానంతటినీ స్వచ్ఛంద సేవకులు అక్షరం అక్షరం తిరగరాయడంతో ఏ పేరునైనా పటం మీద చుక్కలుగా పెట్టడం వీలైంది. ఆ సంవత్సరానికే అంత ప్రాముఖ్యం ఎందుకంటే, రైళ్లు వచ్చి జనం కదలడం మొదలైనా, పాత పటం ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు.

ఆ పటంలో అటెన్‌బరోలు నాటింగ్‌హామ్‌షైర్‌లో, డెర్బీషైర్‌లో, అంటే ఆ రెండు కౌంటీల సరిహద్దుకు అటూ ఇటూ చిక్కగా కనబడతారు. ఇంగ్లండులో మిగిలిన చాలా కౌంటీలలో ఆ పేరు ఉండీ లేనట్టే ఉంటుంది. లండన్‌లో మాత్రం మళ్లీ కొన్ని చుక్కలు కనబడతాయి.

లండన్ చుక్కల దగ్గర జాగ్రత్త పడాలి. లండన్‌లో ఏ పేరైనా దొరుకుతుంది, అక్కడ జనం ఎక్కువ గనుక. ఎంతమంది ఉన్నారని కాక, లక్షమందిలో ఎంతమంది ఉన్నారని లెక్క వేస్తే లండన్ చుక్కలు వెలిసిపోతాయి, ట్రెంట్ లోయ చుక్కలు ముదురుతాయి. అయితే ఆ వలస కూడా ఊరికే జరిగింది కాదు. పంతొమ్మిదో శతాబ్దపు లండన్‌లో అటెన్‌బరోలంటే తాకట్టు దుకాణాలవాళ్లు. నగా నట్రా, గడియారం కుదువ పెట్టవలసి వస్తే జనం వెళ్లే దుకాణాల్లో ఆ పేరు బోర్డులు ఉండేవి. ఫ్లీట్ స్ట్రీట్‌లో వారి నగల దుకాణం ఉన్న భవనం ఇప్పటికీ ఉంది. ఒక వంశంలోని ఒక కొమ్మ ఒక వ్యాపారం పట్టుకొని రాజధానిలో పాతుకుపోవడం మనకు తెలియని సంగతా?

మరి మిగిలినవారు ఐదారు వందల ఏళ్లపాటు ఆ కాస్త నేలను విడిచి ఎందుకు పోలేదు? ఈ ప్రశ్న మీద నేను కొంచెం ఎక్కువసేపు నిలబడతాను. ఒక కారణం చట్టం. 1662లో ఇంగ్లండు పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఏడాదికి పది పౌన్ల కంటె తక్కువ అద్దె ఇంట్లో దిగిన కొత్తవాడు రేపు బీదతనంతో మన ఊరి మీద పడతాడని తోస్తే, వచ్చిన 40 రోజుల్లోగా ఫిర్యాదు చేసి అతణ్ణి సొంత ఊరికి తిప్పి పంపించవచ్చు. బీదలను పోషించే భారం ఊరి చర్చి పరిధిదే కనుక ఏ ఊరూ పరాయి బీదవాణ్ణి రానిచ్చేది కాదు. అంటే బీదవాడి ఇంటిపేరుకు కూడా ఒక గుంజ పాతి, పలుపు కట్టినట్టే. రెండో కారణం పని. అదే నాటింగ్‌హామ్‌షైర్‌లోని కాల్వర్టన్ ఊరివాడు విలియం లీ 1589లో మేజోళ్లు అల్లే చట్రాన్ని కనిపెట్టాడు. ఆ తరువాత రెండు వందల ఏళ్లకు పైగా ఆ చుట్టుపక్కల ఇళ్లలో మేజోళ్ల అల్లకం, పిమ్మట లేసు, బొగ్గు గనులు, ఇలా ఒకదాని తరువాత ఒకటి ఇంటి ముంగిటనే పని దొరికింది. పని దొరికే చోటును వదిలి ఎవరు పోతారు? ఆ రెండింటికీ తోడు పెళ్లిళ్లు. పెళ్లికూతురిది నడిచి వెళ్లివచ్చేంత దూరంలోని ఊరే.

సరే, పటం మనల్ని ట్రెంట్ ఒడ్డుకు తెచ్చింది. 'అట్టెన్ బరో' సిద్ధాంతమే నిజమైతే చుక్కలు దేశమంతా చెదిరి ఉండాలి, లేవు. ఊరి పేరులోని పాత డకారం కూడా ఆ సిద్ధాంతానికి కలిసిరాదు. అయినా ఒక అనుమానం మిగిలే ఉంది. ఒకే ఊరినుంచి ఒకడే బయలుదేరాలని ఎక్కడుంది? చుట్టరికం లేని నలుగురు ఆ ఊరు విడిచి, నలుగురూ అటెన్‌బరోలు కాగూడదా? పటం దీనికి జవాబు చెప్పలేదు. చర్చి రిజిస్టర్లూ చెప్పలేవు. ఎనిమిదవ హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో రిజిస్టర్లు మొదలైనదే 1538లో. ఇంటిపేర్లు అప్పటికే రెండు మూడు వందల ఏళ్ల పాతవి. పైగా గుమస్తాలు విన్నది విన్నట్టు రాసేవారు. అటెన్‌బరో, అటెన్‌బారో, అటెన్‌బుర్రో, ఒకే తండ్రి బిడ్డలకు కూడా వేర్వేరు వర్ణక్రమాలు పడి ఉండవచ్చు.

ఇక మూడో సాక్షి. తండ్రి నుంచి కొడుక్కి ఇంటిపేరు దిగినట్టే, మగవాడి ఒంట్లో వై క్రోమోజోమ్ అనే జన్యుపోగు తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే దిగుతుంది. కూతురికి దిగదు. కొన్ని వందల ఏళ్లకు గాని చెప్పుకోదగ్గ మార్పు రాదు. కనుక ఒకే మూలపురుషుడి నుంచి చెడకుండా దిగిన ఇంటిపేరువారిలో, ఎంత దూరపు జ్ఞాతులైనా, ఆ క్రోమోజోమ్ ఒకే రకంగానో దాదాపు ఒకే రకంగానో ఉండాలి.

దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించినది లెస్టర్ విశ్వవిద్యాలయం. ఎందుకు లెస్టరే? డీఎన్ఏ వేలిముద్రల పద్ధతిని 1984లో అలెక్ జెఫ్రీస్ కనిపెట్టినది అక్కడే. ఆ విద్యను మన దేశంలో నిలబెట్టినది హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధనసంస్థలో లాల్జీ సింగ్ అని మీకు తెలుసు. అదే లెస్టర్‌లో 1965 నుంచి ఇంగ్లీషు ఇంటిపేర్ల చరిత్ర మీద ప్రత్యేకంగా సర్వే నడిచింది. చరిత్రకారుల బీరువా, జన్యుశాస్త్రజ్ఞుల ప్రయోగశాల ఒకే ప్రాంగణంలో ఉన్నాయన్నమాట. అక్కడ ట్యూరి కింగ్, మార్క్ జోబ్లింగ్ ఇద్దరూ 2006లో ఒకే ఇంటిపేరున్న 150 జతల మగవారిని పరీక్షించారు. ఆ జతలలోని ఇద్దరికీ ఒకరితో ఒకరికి చుట్టరికం ఉన్నట్టు తెలియదు. నూటికి 24 జతలలో ఉమ్మడి పూర్వీకుడి జాడ కనబడింది. పేరు ఎంత అరుదైతే జాడ అంత బలంగా ఉంది. 2009లో మరింత లోతుకు వెళ్లి 40 ఇంటిపేర్లవారిని, మొత్తం 1,678 మంది మగవారిని పరీక్షించారు.

ఏం తేలింది? ఇద్దరు స్మిత్‌లను తీసుకుంటే, దారిన పోయే ఇద్దరు ఇంగ్లీషువాళ్లకంటె వారికి ఎక్కువ పోలిక లేదు. ఉండదు మరి, ఊరూరా ఒక కమ్మరి ఉన్నాడు. కాని అటెన్‌బరో, స్విండిల్‌హర్స్ట్ వంటి అరుదైన పేర్లవారిలో 70 శాతానికి పైగా మగవారి వై క్రోమోజోమ్ ఒకే రకం, లేదా ఇంచుమించు ఒకే రకం! వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు బతుకుల్లో ఉండి, ఒకరినొకరు ఎరగని మనుషులు వీరు. మాట, పటం ఏ చోటికి వేలు చూపాయో రక్తం కూడా ఆ చోటికే చూపింది. నేను ఈ ఫలితాన్ని మొదటిసారి చదివినప్పుడు ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదని నిజంగా చెబుతున్నాను.

మిగిలినవారి సంగతేమిటని మీరు అడగాలి. అడగకపోతే నేనే చెప్పాలి. ఎక్కడో ఒక తరంలో దత్తత జరిగి ఉండవచ్చు. మారుతండ్రి పేరు పెట్టుకొని ఉండవచ్చు. పెళ్లికాని తల్లి తన బిడ్డకు తన పుట్టింటి పేరే ఇచ్చి ఉండవచ్చు. అప్పుడు పేరు అటెన్‌బరోదే, క్రోమోజోమ్ మాత్రం వేరే వారిది. ఇలాంటి మార్పులు తరానికి ఐదు శాతం లోపేనని ఆ పరిశోధకులు లెక్కగట్టారు. ఆ ట్యూరి కింగే తరువాత లెస్టర్ కారు పార్కింగు కింద దొరికిన ఎముకలు మూడవ రిచర్డ్ రాజువని నిరూపించడంలో ముందు నిలిచింది. అక్కడ తల్లి వైపు డీఎన్ఏ సరిపోయింది గాని, తండ్రి వైపు వారసులమని కాగితాలున్నవారి వై క్రోమోజోమ్ సరిపోలేదు. రాజవంశాలలోనే దారం తెగినప్పుడు మేజోళ్లు అల్లుకునేవారి ఇళ్లలో తెగకుండా ఉంటుందా? తెగినా 70 శాతం నిలిచిందన్నదే నాకు ఆశ్చర్యం.

ఇంకొక మెలిక ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. ఒకే రకం క్రోమోజోమ్ ఉన్నంతమాత్రాన మొదట ఒక్కడే అటెన్‌బరో ఉన్నాడని రుజువు కాదు. 1870లలో ఇంగ్లీషు శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ ఒక ప్రశ్న వేశాడు: పెద్ద పెద్ద వంశాల పేర్లు ఎందుకు అంతరించిపోతున్నాయి? హెన్రీ వాట్సన్ అనే మతాచార్యుడు గణితంతో జవాబు చెప్పాడు. ఒక తరంలో ఒకడికి కొడుకులు లేకపోతే ఆ కొమ్మ అక్కడితో సరి. సగటున తలకు ఒక్క కొడుకే దక్కే సమాజంలో ఏ పేరైనా ఎప్పుడో ఒకప్పుడు ఆరిపోక తప్పదు. ఇప్పుడు 1348లో ఇంగ్లండుకు వచ్చిన ప్లేగును తలుచుకోండి. మూడోవంతు జనం, కొన్నిచోట్ల సగం మంది పోయారు. అటెన్‌బరో నుంచి నలుగురు బయలుదేరి ఉంటే ముగ్గురి వంశాలు ఆరిపోయి ఒక్కడిదే మిగిలి ఉండవచ్చు. కనుక రక్తం చెప్పే మాటను ఇలా చదువుకోవాలి: ఇప్పుడున్న అటెన్‌బరోలలో అత్యధికులు ఒక్క మనిషి సంతానం. అతడు ఒంటరిగా బయలుదేరాడా, నలుగురితో బయలుదేరాడా అన్నది ఈ పరీక్షకు అందేది కాదు.

ఇప్పుడు ఆ అన్నదమ్ముల తండ్రి దగ్గరికి వస్తాను. ఫ్రెడరిక్ అటెన్‌బరో 1887లో స్టేపుల్‌ఫర్డ్‌లో పుట్టారు. స్టేపుల్‌ఫర్డ్ ఎక్కడుంది? అటెన్‌బరో ఊరికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో! ఐదారు వందల ఏళ్లలో ఆ కొమ్మ నడిచిన దూరం ఓ గంట నడక. ఆయన పాత ఇంగ్లీషు పండితుడు. నార్మన్లకు పూర్వం ఇంగ్లండును ఏలిన తొలినాటి ఆంగ్లో-సాక్సన్ రాజుల చట్టాలను పరిష్కరించి ప్రచురించారు. 'బుర్హ్' అన్న మాట ఆయనకు నిత్యం కళ్లముందుండే మాట అన్నమాట. 1932 నుంచి 1951 వరకు ఆయన లెస్టర్ యూనివర్సిటీ కాలేజీకి ప్రిన్సిపాల్. ఆ కాలేజీయే పెరిగి 1957లో విశ్వవిద్యాలయమైంది. అక్కడ 18 అంతస్తుల భవనానికి ఆయన పేరే పెట్టారు. ఆ పేరున్న మగవారి నమూనాలను పరీక్షించినది కూడా ఆ ప్రాంగణంలోనే.

మడుగుల సంగతి చెబుతానన్నాను కదా. ట్రెంట్ నది తెచ్చిపోసిన కంకరను 1929 నుంచి ఊరి పక్కన తవ్వుతూ వచ్చారు. తవ్విన గోతుల్లో నీరు చేరి మడుగులైతే, మడుగులకు పక్షులు వచ్చాయి. 1966లో దాన్ని ప్రకృతి రక్షిత ప్రాంతంగా ప్రారంభించడానికి ఎవరిని పిలిచారో ఊహించగలరా? డేవిడ్ అటెన్‌బరోనే. 2005లో అక్కడ సందర్శకుల కేంద్రాన్ని ప్రారంభించినదీ ఆయనే. ఊరు విడిచినందుకు ఊరిపేరు మోసిన వంశంలోని ఒకడు, పక్షుల కోసం ఆ ఊరికే తిరిగి వచ్చాడు.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఇంతసేపూ తండ్రుల వరసనే పట్టుకు నడిచాను. ఇంటిపేరూ, వై క్రోమోజోమూ రెండూ అటే నడిపిస్తాయి. కాని ఆ అన్నదమ్ముల తల్లి పేరు మేరీ క్లెగ్. క్లెగ్ అన్నదీ ఊరిపేరే, లాంకషైర్‌లో రాచ్‌డేల్ దగ్గరి చోటు. ఆమె రక్తం కొడుకుల్లో సగం. పటం మీద మాత్రం ఆమె ఎక్కడా కనబడదు. అందుకే నేను ఈరోజు రెండు పటాలు తెచ్చాను, ఒకటి అటెన్‌బరోలది, ఒకటి క్లెగ్‌లది, రెండూ పల్చటి కాగితం మీద గీసినవి. ఈ బల్ల మీద పెడుతున్నాను. దగ్గరికి వచ్చి, ఒకదాని మీద ఒకటి పరిచి, దీపం వైపు ఎత్తి చూడండి.